తిప్పి బిగించు చక్రము

పల్లపు బాటలో సైకిలుపై దిగుచున్న బాలుడు కాళ్ళు కదల్చక నిశ్చింతగా కూర్చుండును. చక్రములు తిరుగుచునే యుండును. పెడళ్ళు మాత్రము కదలవు. వెనుక చక్రము నడుమ నుండి టిక్ టిక్ మను సన్నని శబ్దము వినవచ్చును. ఆ శబ్దము చేయు చిన్న పరికరమే ఫ్రీవీలు. నేడు దానిని వింతగా ఎవరును తలంపరు. కాని సైకిలు పుట్టిన తరువాత సుమారు ముప్పది సంవత్సరముల వరకు ఈ విశ్రాంతి సామాన్యముగా లభించినది కాదు. చక్రము తిరిగినంతసేపు పెడళ్ళు తిరుగవలసినదే. పెడళ్ళు తిరిగినంతసేపు పాదములును తిరుగవలసినదే.

ఈ కట్టు నుండి పాదములు విడివడుట ఒక్కనాటితో జరుగలేదు. నడుమ ఒక విచిత్రమైన మజిలీ కలదు. అదియే ఇరుప్రక్కల పండ్లచక్రములు గల వెనుక చక్రము. ఎత్తుబాట వచ్చినప్పుడు సైకిలిస్టు క్రిందికి దిగి, నట్లు వదులు చేసి, వెనుక చక్రమును ఊడదీసి, ఎడమ ప్రక్కను కుడికి త్రిప్పి మరల బిగించుకొనెడివాడు. యూరపు ఖండములోని పేరుగన్న పందెగాండ్రు 1930 దశాబ్దిలో సైతము ఇట్లే చేయుచుండిరి. అంతకంటె సులభమైన సాధనములు అప్పటికే ఉన్నను వారేల ఇంత శ్రమపడిరి? ఈ ప్రశ్నకు సమాధానము యంత్రములో కొంత, మనుష్యుల అభిప్రాయములలో కొంత ఉన్నది.

పాదమునకు చక్రమునకు ముడి

చిన్నపిల్లల మూడుచక్రముల బండిని చూచినచో తొలినాటి సైకిలు తత్త్వము సులభముగా బోధపడును. అందు పెడళ్ళు ముందు చక్రపు ఇరుసునకే అమర్చబడియుండును. పెడలు ఒక చుట్టు తిరిగిన చక్రమును ఒక చుట్టే తిరుగును. 1860 తరువాత పారిస్ నగరమున మిషో కర్మాగారము తయారుచేసిన వాహనములు ఇట్టివే. పియర్ లాల్మా అను ఫ్రెంచి శిల్పి 1866లో అమెరికాలో ఇట్టి వాహనమునకే పేటెంటు పొందెను.

ఈ ఏర్పాటులో వేగము పెంచుటకు మార్గమొక్కటే: ముందు చక్రమును పెద్దది చేయుట. అందుచేతనే 1870 దశాబ్దిలో ఇంగ్లండులో నిలువెత్తు ముందు చక్రము గల సైకిళ్ళు బయలుదేరినవి. కోవెంట్రీ నగరవాసి జేమ్స్ స్టార్లీ వీని అభివృద్ధికి ముఖ్య కారకుడు. చక్రపు వ్యాసము త్రొక్కువాని కాలి పొడవును బట్టి నిర్ణయింపబడెడిది. కొన్నింటికి అది 60 అంగుళముల వరకు ఉండెడిది. పల్లములో దిగునప్పుడు పెడళ్ళు కాళ్ళకు అందని వేగముతో తిరిగెడివి. కొందరు కాళ్ళను హ్యాండిలు మీదుగా ముందుకు చాచి కూర్చుండెడివారు. చక్రమునకు రాయి తగిలినచో తలక్రిందుగా పడుట తప్పెడిది కాదు.

1885లో జేమ్స్ స్టార్లీ సోదరుని కుమారుడగు జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' సైకిలును వెలువరించెను. ఇందు రెండు చక్రములును ఇంచుమించు సమానము. పెడళ్ళు నడుమకు వచ్చినవి. వాని శక్తి గొలుసు ద్వారా వెనుక చక్రమునకు అందెను. 1880లో హాన్స్ రెనోల్డ్ మాంచెస్టరులో పేటెంటు పొందిన రోలరు గొలుసు ఇట్టి వాహనములకు మిక్కిలి తోడ్పడినది. ఇక వేగము కొరకు చక్రమును పెంచనక్కరలేదు. పండ్ల సంఖ్యను మార్చిన చాలును. అయినను పాత ముడి వీడలేదు. వెనుక పండ్లచక్రము హబ్బునకు గట్టిగా బిగింపబడియుండుటచే చక్రముతోపాటు గొలుసు, గొలుసుతోపాటు పెడళ్ళు తిరుగుచునే యుండెను. అందుకే ఆనాటి సైకిళ్ళలో అనేకమునకు ముందు ఫోర్కుపై రెండు చిన్న పాదపీఠములు ఉండెడివి. దిగుడుబాటలో కాళ్ళను పెడళ్ళ నుండి తీసి వానిపై పెట్టుకొనెడివారు. క్రింద పెడళ్ళు వాని దారిన అవి గిరగిర తిరుగుచుండెడివి.

ఫ్రీవీలు రాక

ఈ ముడిని విప్పు ఉపాయము కొత్తది కాదు. 1869లోనే అమెరికాలో విలియం వాన్ ఆండెన్ అను నతడు ఇట్టి ఏర్పాటునకు పేటెంటు పొందెను. కాని అది వాడుకలోనికి విరివిగా వచ్చినది 1898 ప్రాంతముననే. దీని లోపల రంపపు పండ్ల వంటి పండ్లు గల ఒక వలయమును, స్ప్రింగుచే పైకి నొక్కబడు చిన్న కొక్కెములును ఉండును. ముందుకు త్రొక్కినప్పుడు కొక్కెములు పండ్లలో చిక్కుకొని చక్రమును త్రిప్పును. త్రొక్కుట మానినప్పుడు అవి పండ్ల ఏటవాలు వీపుల మీదుగా జారిపోవును. ఆ జారుటయే మనకు వినవచ్చు టిక్ టిక్ శబ్దము.

పాదములకు విశ్రాంతి లభించినది. కాని ఒక సౌకర్యము పోయినది. పెడళ్ళు చక్రమునకు కట్టుబడియున్నప్పుడు కాళ్ళే బ్రేకులు. పెడళ్ళను వెనుకకు అదిమినచో చక్రపు వేగము తగ్గును. ఫ్రీవీలుతో ఆ అదుపు పోయెను గనుక మంచి బ్రేకులు తప్పనిసరి అయినవి. జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ నగరమున ఎర్న్‌స్ట్ జాక్స్ 1903లో 'టార్పీడో' హబ్బును తయారుచేసెను. అందు పెడళ్ళు కదలకుండ సాగిపోవచ్చును. వెనుకకు త్రొక్కినచో లోపలి బ్రేకు పట్టుకొనును.

పందెగాండ్రు మాత్రము తొందరపడి పాత ముడిని వదలలేదు. దానికి కొక్కెములు, స్ప్రింగులు అక్కరలేదు. బురదలో చెడునది ఏదియు లేదు. పైగా పెడలు పూర్తిగా పైకి వచ్చినప్పుడు కాలిబలము సరిగా పనిచేయని స్థానము ఒకటి కలదు. కదలుచున్న సైకిలు తన ఊపుతో పెడలును ఆ స్థానము దాటించును. ఇందువలన చక్రమే కాళ్ళను నడుపుచున్నదని కొందరు భావింతురు. ఇది భ్రమ. ఆ ఊపు ఎక్కడి నుండియో వచ్చినది కాదు. అంతకుముందు కాళ్ళు ఇచ్చిన శక్తియే. అట్లే పెడళ్ళను వెనుకకు అదిమి వేగము తగ్గించినప్పుడు సైకిలు యొక్క గతిశక్తి కండరములలో వేడిగా మారిపోవునే గాని త్రొక్కువానికి తిరిగి దక్కదు.

రెండు ముఖముల హబ్బు

ఫ్రీవీలు కావలెనా, స్థిరమైన పండ్లచక్రము కావలెనా? చిన్న పండ్లచక్రము కావలెనా, పెద్దది కావలెనా? దేనినో ఒకదానిని శాశ్వతముగా ఎన్నుకొనుట కష్టమైనప్పుడు రెండింటిని ఒకే చక్రమునకు చెరియొక ప్రక్కన బిగించుట సులభోపాయము. ఈ హబ్బు నిర్మాణములో భౌతికశాస్త్ర విద్యార్థి గమనింపదగిన చక్కని యుక్తి యొకటి ఉన్నది.

సైకిలును కుడిప్రక్క నుండి చూచినచో ముందుకు పోవునప్పుడు గొలుసు పండ్లచక్రమును గడియారపు ముల్లు తిరుగు దిశలో లాగును. సాధారణమైన కుడిమర బిగియు దిశయు అదియే. కనుక త్రొక్కిన కొలది పండ్లచక్రము హబ్బుపై ఇంకను బిగియును. చక్రమును తిప్పి పెట్టినప్పుడు రెండవ ప్రక్క కుడికి వచ్చును గనుక అక్కడను కుడిమరయే సరిపోవును. కాని స్థిరమైన పండ్లచక్రముతో వేగము తగ్గించుటకు కాళ్ళను వెనుకకు అదిమినప్పుడు గొలుసు దానిని విప్పుటకు ప్రయత్నించును. దీనిని వారించుటకు దాని వెలుపల కొంచెము చిన్న వ్యాసము గల మరపై ఒక వలయమును బిగింతురు. ఆ మర ఎడమమర. పండ్లచక్రము వదులై వెలుపలికి రాబోవుచు వలయమును తనతో త్రిప్పబోయినచో, ఎడమమర అగుటచే ఆ వలయము విడిపోవుటకు బదులు మరింత బిగిసి దానిని ఆపును. విప్పజూచు బలమునే బిగించు బలముగా మార్చుట ఇందలి యుక్తి.

రెండు ప్రక్కల పండ్ల సంఖ్య వేరైనప్పుడు మరియొక చిక్కు కలుగును. గొలుసు పొడవు మారదు గదా! వెనుక పండ్లు రెండు పెరిగినవనుకొందము. గొలుసు ఆ పండ్లచక్రమును ఇంచుమించు సగము చుట్టి యుండును గనుక సుమారు ఒక లంకె పొడవు ఎక్కువ కావలెను. ఆ లోటును పై వరుస, క్రింది వరుస చెరిసగము భరించును. కనుక ఇరుసు అరలంకె మేర ముందుకు జరిగిన చాలును. లంకె పొడవు అర అంగుళము, అనగా 12.7 మిల్లీమీటర్లు, ఇరుసు జరుగవలసినది 6 మిల్లీమీటర్లకు కొంచెము పైగా. ఇందుకే ఇట్టి సైకిళ్ళ వెనుక ఫోర్కు చివరలందు ఇరుసు జరుగుటకు వీలైన పొడవాటి గాడి ఉండును. నట్లకు పానా అక్కరలేకుండ వ్రేళ్ళతో త్రిప్పుటకు రెక్కల నట్లను వాడెడివారు.

లాభమెంత? వెనుక చక్రపు వ్యాసము 27 అంగుళములు, ముందు పండ్లచక్రమునకు 44 పండ్లు అనుకొందము. చక్రపు చుట్టుకొలత సుమారు 2.15 మీటర్లు. వెనుక 16 పండ్లున్నచో పెడళ్ళ ఒక చుట్టునకు చక్రము 2.75 చుట్లు తిరిగి సైకిలు 5.9 మీటర్లు సాగును. 18 పండ్లున్నచో సుమారు 5.3 మీటర్లే సాగును. వేగము తగ్గును, కాని ఎత్తుబాటలో కాలిపై భారము అదే నిష్పత్తిలో తగ్గును. 16 పండ్లతో నిమిషమునకు 60 చుట్లు త్రొక్కినచో వేగము గంటకు సుమారు 21 కిలోమీటర్లు. అదే స్థిరచక్రముతో పల్లములో గంటకు 42 కిలోమీటర్ల వేగమున దిగినచో కాళ్ళు నిమిషమునకు సుమారు 118 చుట్లు తిరుగక తప్పదు. ఫ్రీవీలు విలువ ఇక్కడ తెలియును.

పర్వతములపై పరీక్ష

1903 జులైలో 'లోతో' అను పత్రిక ఫ్రాన్సు దేశము చుట్టు ఆరు మజిలీలలో 2,428 కిలోమీటర్ల పందెమును ఏర్పాటు చేసెను. అదియే టూర్ డి ఫ్రాన్స్. ఆ పత్రిక సంపాదకుడు ఆంరీ దెగ్రాంజ్. ఆయన స్వయముగా పందెగాడు. 1893లో పారిస్‌లోని బఫలో పందెపు బాటపై ఒక గంటలో 35.325 కిలోమీటర్లు త్రొక్కి రికార్డు నెలకొల్పినవాడు. బలవంతుడైన మనుష్యుడు, సాదా యంత్రము: పందెమునకు ఈ రెండును చాలునని ఆయన విశ్వాసము.

ఆయనకు ఎదురుపక్షముగా నిలిచినవాడు సాంతెతియెన్ నగరవాసి పోల్ ద వివీ. 'వెలోసియో' అను కలము పేరుతో ఆయన తన 'ల సిక్లిస్త్' పత్రికలో పలువేగముల గేర్ల కొరకు వాదించెను. ఎత్తునకు ఒక గేరు, చదునునకు ఒక గేరు ఉన్నచో సామాన్యుడును కొండలెక్కగలడని ఆయన చెప్పెడివాడు. 1902లో ఫ్రాన్సులోని టూరింగ్ క్లబ్బు పిరనీస్ పర్వతములలో, 2,115 మీటర్ల ఎత్తుగల తూర్మలే కనుమపై సైకిళ్ళకు పరీక్ష జరిపెను. అందు మార్త్ హెస్ అను యువతి మూడు వేగముల సైకిలుపై నేలకు కాలు మోపక ఎక్కినదని ప్రసిద్ధి. దెగ్రాంజ్ చలింపలేదు. వయసు మళ్ళినవారికే ఇట్టి సాధనములు తగునని, పడుచువారు కండబలముతోనే గెలువవలెనని ఆయన అభిప్రాయము.

1910లో దెగ్రాంజ్ పందెమే తూర్మలే మీదికి పోయినది. ఆ మజిలీ పొడవు 326 కిలోమీటర్లు. దారిలో పెరసూర్డ్, ఆస్పన్, తూర్మలే, ఓబిస్క్ కనుమలు. బాటలు రాళ్ళతో, మట్టితో నిండినవి. ఆ మజిలీని, చివరకు ఆ ఏటి పందెమును గెలిచిన ఒక్తావ్ లాపీజ్ సైతము తూర్మలేపై కొంతదూరము దిగి నడచెను. నడువక ఎక్కిన గుస్తావ్ గారిగూకు 100 ఫ్రాంకుల బహుమానము లభించెను.

ఇట్టి బాటలలో తిప్పి బిగించు చక్రమే పందెగాండ్రకు అండ. కొండ పాదమున దిగి పెద్ద పండ్లచక్రమును కుడికి త్రిప్పుకొనుట, శిఖరమున మరల దిగి చిన్నదానిని త్రిప్పుకొనుట వారి పద్ధతి. ఎప్పుడు దిగవలెనన్నది గొప్ప ఎత్తుగడ. ముందుగా దిగినచో చదునులో వెనుకబడును. ఆలసించినచో కాళ్ళు చచ్చుబడును. ప్రత్యర్థి చక్రము త్రిప్పుకొనుచున్న క్షణమును కనిపెట్టి దాటిపోవుటయు పరిపాటి. ఒకరి సహాయము పొందరాదను నియమమెంత కఠినమో 1913 నాటి సంఘటన చెప్పును. తూర్మలే దిగునప్పుడు యూజెన్ క్రిస్తోఫ్ ముందు ఫోర్కు విరిగెను. ఆయన సైకిలును మోసికొని పల్లెకు నడచి, అచటి కమ్మరికొలిమిలో తన చేతులతో తానే ఫోర్కును అతికెను. కాని కొలిమితిత్తి ఊదుటకు ఒక బాలుడు తోడ్పడెనని అధికారులు ఆయనకు శిక్షగా కాలము కలిపిరి.

దీనిని దెగ్రాంజ్ మొండితనమని కొట్టివేయుట సులభము. కాని ఆయన ప్రశ్న కేవలము తేలికైనది కాదు. పందెములో గెలిచినది మనిషియా, యంత్రమా అని తెలియవలెనన్నచో యంత్రము అందరికిని ఒకటిగా ఉండవలెను గదా! లోపమెక్కడనగా, పందెగాని పరీక్షకు పెట్టిన నియమమును సైకిలు యోగ్యతకే కొలబద్దగా చేయుట. పందెమునకు శ్రమ ధ్యేయము కావచ్చును. పనికి పోవు కూలికి, ఉత్తరములు మోయు జవానుకు శ్రమ తగ్గుటయే ధ్యేయము. తిప్పి బిగించు చక్రము ఈ రెండు దృష్టుల నడుమ కుదిరిన రాజీ: గేరు మారవచ్చును, కాని మార్చుటకు మనిషి దిగి తన కాలమును వెచ్చింపవలెను.

రాజీ చెల్లని దినము

ఈ రాజీలో బాధ ఎంతటిదో ఇటలీలో ప్రచారములోనున్న ఒక కథ తెలుపును. 1927 నవంబరు 11న క్రోచె దౌనె కనుమపై జరిగిన పందెములో తుల్లియో కంపాన్యోలో అను యువకుడు చక్రము త్రిప్పుకొనుటకు దిగెననియు, చలికి వ్రేళ్ళు కొయ్యబారి రెక్కల నట్లు విప్పలేకపోయెననియు ఆ కథ. చరిత్రకారులు కొందరు దీనిని సందేహించుచున్నారు. ఏమైనను ఒక్క మీటను త్రిప్పినంతనే చక్రము వదులగునట్టి ఇరుసు ఆయన పేరుతోనే లోకప్రసిద్ధి పొందెను. 1933లో ఆయన విచెంజా నగరమున తన సంస్థను స్థాపించెను.

1936లో అనారోగ్యముచే దెగ్రాంజ్ టూర్ నిర్వహణము నుండి తొలగవలసివచ్చెను. మరుసటి యేడు, 1937లో, గొలుసును ఒక పండ్లచక్రము నుండి మరియొకదానికి నెట్టు డిరెయిలరు టూర్‌లో అనుమతింపబడెను. ఆ యేడు గెలిచిన రోజే లపెబీ దానిని వాడినవాడే. ఆ డిరెయిలరును తయారుచేసినది ఆస్కర్ ఎగ్. 1914లో స్థిరచక్రపు సైకిలుపై గంటకు 44.247 కిలోమీటర్లు త్రొక్కి రికార్డు నెలకొల్పినవాడును ఆయనయే. పాత పద్ధతిలో శిఖరమునకు చేరినవాడే కొత్త పద్ధతికి బాట వేసెను.

చక్రమును కదల్చు ఆచారము మాత్రము వెంటనే పోలేదు. కంపాన్యోలో తయారుచేసిన 'కాంబియో కోర్స' అను సాధనములో రెండు మీటలు ఉండెడివి. పందెగాడు సైకిలుపై కూర్చుండియే చేయి వెనుకకు చాచి ఒక మీటతో ఇరుసును వదులు చేసి, పెడళ్ళను వెనుకకు త్రొక్కుచు రెండవ మీటతో గొలుసును జరిపెడివాడు. అప్పుడు ఇరుసు గాడిలో తానే ముందువెనుకలకు జరిగెడిది. 1948లో జీనో బర్తాలి దీనితోనే టూర్ గెలిచెను. ఒకే మీటతో పనిచేయు రూపముతో ఫౌస్తో కొప్పి 1950లో పారిస్–రూబే పందెమును గెలిచెను. తరువాత కొద్ది సంవత్సరములలోనే ఇరుసును కదల్పనక్కరలేని డిరెయిలర్లు వీనిని త్రోసివేసినవి.

మిగిలినదేమి?

స్థిరచక్రము అంతరించలేదు. వృత్తాకారపు పందెపు బాటలపై నేటికిని బ్రేకులు లేని, ఒకే గేరు గల స్థిరచక్రపు సైకిళ్ళే వాడుదురు. అందరును ఒకే దిశలో పోవుచుండగా హఠాత్తుగా ఆగు సైకిలు కంటె ఆగలేని సైకిలే అక్కడ క్షేమము. 1972 అక్టోబరు 25న మెక్సికో నగరమున ఎడీ మెర్క్స్ ఒక గంటలో 49.431 కిలోమీటర్లు త్రొక్కినది ఇట్టి సైకిలుపైననే. ఆయన పండ్ల సంఖ్యలు 52, 14. లెక్కించిచూచిన ఆయన కాళ్ళు నిమిషమునకు సుమారు 104 చుట్ల చొప్పున గంటసేపు ఎడతెగక తిరిగినట్లు తేలును.

బ్రిటనులోని సైకిలు క్లబ్బులవారు 1950 దశాబ్దిలో సైతము చలికాలమున స్థిరచక్రమును వాడెడివారు. లయ తప్పక త్రొక్కుటకు అది మంచి శిక్షణ అని వారి అనుభవము. ఇరుప్రక్కల హబ్బులు నేడును తయారగుచున్నవి. సాధారణముగా ఒక ప్రక్క స్థిరమైన పండ్లచక్రము, రెండవ ప్రక్క ఫ్రీవీలు ఉండును. కొత్తగా నేర్చువాడు అలవాటున కాళ్ళు ఆపబోయినచో తిరుగుచున్న పెడలు కాలిని ఎత్తివేయును. వదులుగానున్న పంచె కుచ్చెళ్ళు, పైజామా అంచులు గొలుసులో చిక్కినచో చక్రము ఆగువరకు గొలుసును ఆగదు. వేగము తగ్గునప్పుడు బరువు ముందు చక్రముపైకి వ్రాలును గనుక వెనుక చక్రమును ఎంత అదిమినను అది జారునే గాని సైకిలు త్వరగా నిలువదు. ఈ కారణముననే బ్రిటనులోని 1983 నాటి నిబంధనలు స్థిరచక్రపు సైకిలునకును ముందు బ్రేకు ఉండి తీరవలెనని విధించినవి.

ఈ పాఠమును తరగతిలో చూపుటకు ఖరీదైన పరికరము అక్కరలేదు. బడి ఆవరణలోని సైకిలు నొకదానిని తలక్రిందుగా నిలిపి, ముందు వెనుకల పండ్లను లెక్కించి, చక్రపు చుట్టుకొలతను దారముతో కొలిచి, పెడలు ఒక చుట్టునకు సైకిలు ఎంత దూరము సాగునో విద్యార్థులచే లెక్కింపజేయవచ్చును. పిదప దానిని నేలపై నడిపించి ఆ లెక్కను సరిచూడవచ్చును. చివరకు పెడలును వెనుకకు త్రిప్పి ఆ టిక్ టిక్ శబ్దమును వినిపింపవచ్చును. కాళ్ళకు దొరికిన ఆ చిన్న విరామము వెనుక, కొండబాట ప్రక్కన వంగి కొయ్యబారిన వ్రేళ్ళతో నట్లు విప్పిన మనుష్యుల చరిత్ర ఉన్నదని అప్పుడు చెప్పినచో వారు మరువరు.